బండి తొట్టికి ఏమేమి బిగించినాం, ఏది బిగించలేదు

పోస్టు కొంచెం పెద్దదే. మీ ఇంట్లో ఎవరైనా పికప్ బండి తీసుకుని ఉన్నా, తీసుకోవాలని చూస్తున్నా చివరి దాకా చదవండి.

మాది డోన్ దగ్గర ఒక సుగాలి తండా. మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా అన్న ఆరేండ్లు వేరేవాళ్ల బండ్లు తోలినాడు. పోయిన ఏడాది చివర్లో మా యాడి పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, అన్న దాచుకున్న డబ్బు, ఇంకొంచెం ఫైనాన్సు కలిపి ఒక పాత బొలెరో పికప్ కొన్నాం. ఇంజను బాగుంది. వెనక తొట్టి మాత్రం చూడబుద్ధి కాదు. అడుగున రంగు పోయి తుప్పు లేసింది, వెనక డోరుకు ఒక పక్క గొలుసు తెగింది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే అన్న అన్నాడు, "రేయ్, నువ్వు చదువుకున్నోడివి. తొట్టికి ఏమేమి కావాల్నో రాయి. చేతిలో పాతిక వేలుండాయి, అంతలో అయిపోవాల." నోటు పుస్తకం తీసుకుని కూర్చున్నాం.

మొదట వస్తువుల పేర్లు రాయలేదు. ఏ సరుకు ఎక్కుతాదో రాసినాం. పత్తికొండకు టమాట, కర్నూలు యార్డుకు ఉల్లిగడ్డ, చేన్ల నుంచి శనక్కాయ మూటలు, అప్పుడప్పుడు బేతంచర్ల నాపరాళ్లు. ఒక్కో సరుకు తొట్టిని ఒక్కో రకంగా పాడు చేస్తాది. టమాట రసం పులుపు, కారి కారి రంగును తినేస్తాది. రాయి అడుగును గీరి సొట్టలు పెడతాది. శనక్కాయకు తొట్టితో ఇబ్బంది లేదు, దాని భయమంతా వాన. తడిస్తే బూజు పడతాది, ధర పోతాది. ఇట్ల రాసుకుంటే ఏది అవసరమో, ఏది సోకో సగం తెలిసిపోయింది.

తర్వాత ఆర్సీ తీసినాం. అందులో రెండు బరువులుంటాయి. ఒకటి ఖాళీ బండిది, ఇంకోటి సరుకుతో కలిపి బండి మోయదగిన మొత్తం. రెండింటికి మధ్య తేడానే మన సరుకు. తొట్టికి ఏది బిగించినా ఆ తేడాలో నుంచే పోతాది. ఈ మాట అన్నకు చెప్తే మొదట నవ్వినాడు. లెక్క వేసి చూపించినాం. తొట్టి తొమ్మిది అడుగుల పొడుగు, అయిదున్నర అడుగుల వెడల్పు. దానికి 3 మిల్లీమీటర్ల ఇనుప చెకర్ షీటు వేస్తే నూరు కిలోలు దాటుతాది. టమాట క్రేటు పాతిక కిలోలనుకున్నా ప్రతి ట్రిప్పుకు నాలుగు క్రేట్లు తగ్గినట్టే. తగ్గించకుండా ఎక్కిస్తే ఓవర్ లోడు. 2019 సవరణ తర్వాత దానికి ఫైను 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. అన్న నవ్వు ఆగిపోయింది.

అందుకని అడుగున తుప్పు గీకించి, రెడాక్సైడు కొట్టించి, రంగు వేయించి, పైన మందం రబ్బరు మ్యాటు పరిచినాం. షీటు బరువులో మూడో వంతు కూడా లేదు, క్రేట్లు జారవు. ఒకటే జాగ్రత్త, టమాట దించిన రోజు మ్యాటు ఎత్తి, కడిగి, ఆరబెట్టాల. లేకపోతే కింద నీళ్లు నిలబడి, కనపడకుండా తుప్పు తింటాది. రాళ్ల లోడు ఉన్న రోజు మ్యాటు మీద పాత చెక్కలు వేసుకుని, రాళ్లను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడుతున్నాం. పడుకోబెడితే గుంతల్లో దడదడలాడి విరుగుతాయి.

పట్ట విషయంలో అన్న ప్లాస్టిక్‌దే చాలన్నాడు. శనక్కాయ మూటలకు అది చాలు. టమాట మీద ఎండలో ప్లాస్టిక్ పట్ట బిగిస్తే మాత్రం లోపల చెమట పట్టి కాయ మెత్తబడతాది. అందుకని రెండు కొన్నాం. వానకు పట్ట, ఎండకు పచ్చ షేడు నెట్టు. నెట్టు చవక, గాలి ఆడతాది. పట్ట కొనేటప్పుడు రంగు చూడొద్దండి. అంచుకు లోపల తాడు వేసి కుట్టినారా, రింగులు గట్టిగా ఉండాయా చూడండి. హైవే గాలికి మొదట చినిగేది ఆ రింగుల కాడనే.

కొక్కేలు పక్కకు మూడు. వెల్డింగు పెట్టకుండా బోల్టులతో బిగించమన్నాం. వెల్డింగు వేడికి రంగు కాలి అక్కడి నుంచే తుప్పు మొదలైతాది. డోరు గొలుసు కాడ వెల్డింగు తప్పలేదు. అప్పుడు మేస్త్రి ముందుగా బ్యాటరీ వైరు ఊడదీసినాడు. మీరు కూడా దగ్గరుండి తీయించండి. జాకీ, స్పానర్లు, మోకు, నైలాన్ బెల్టులు పెట్టుకోను క్యాబిన్ వెనకాల తాళం వేసే ఇనుప పెట్టె. రాత్రి నలభై నాలుగో నంబరు హైవే పక్కన బండి ఆపాల్సి వస్తాది కాబట్టి రేడియం పట్టీలు, వెనక ఎర్రవి, పక్కల పసుపువి, ముందర తెల్లవి.

పక్కల ఎత్తు పెంచే జాలి ఫ్రేము కూడా ఊడదీసేటట్టే చేయించినాం. దీనికి కారణముంది. 2021 జనవరిలో ఇంటింటికి రేషన్ ఇచ్చే బండ్లు 9,260 వచ్చినాయి గదా, అందులో 700 ఎస్టీలకు. ఆ బండ్ల వెనక భాగమంతా బియ్యం పంచేదానికే కట్టింది. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ షాపులకే పోయింది. మా పక్క తండా మామకు అట్లాంటి బండే ఉండాది. ఇప్పుడు దాంట్లో టమాట వేద్దామంటే కుదరదు, మార్పించాలంటే మళ్లీ ఖర్చు. ఒకే పనికి శాశ్వతంగా కట్టేస్తే పని పోయినరోజు బండి కూడా ఇంటి ముందర నిలబడాల్సి వస్తాదని ఆయన్ని చూసి నేర్చుకున్నాం.

ఇంతవరకు గొడవ లేదు. లిస్టులో చివరిది అన్న చెప్పింది, మేము రాయలేదు. రెండు పక్కల బెంచీలు, పైన పట్టుకునేదానికి కమ్ములు. మిరపకాయ కోతలకు మన తండాల నుంచి గుంటూరు సైడు పోతారు గదా. ఇరవై మందిని ఎక్కిస్తే ఒక్క ట్రిప్పుతోనే నెల కంతు వస్తాదని అన్న లెక్క. మేస్త్రి కూడా "అందరూ చేయిస్తాండారప్పా, ఒక్క పూట పని" అన్నాడు.

ఇన్సూరెన్సు పేపరు తీసి చదివినాం. అన్న దానిని ఒక్కసారి కూడా మడత విప్పలేదు. సామాన్ల బండిలో సరుకు యజమానికి, లేదా అతని తరఫున సరుకు వెంట వచ్చే మనిషికి 1994 సవరణ నుంచి బీమా ఉండాది. కూలికి పోయేదానికి తొట్టిలో ఎక్కిన ఇరవై మందికి లేదు. సామాన్ల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఏమన్నా జరిగితే పరిహారం బండి యజమాని మీద పడతాది. అంటే మా అన్న మీద. ఎక్కేది ఎవరు? మా అత్తలు, వదినలు, పిన్నమ్మలు.

అన్నకు కోపం వచ్చింది. "కాగితాలు చదివి కంతు కట్టుతావా నువ్వు?" అన్నాడు. ఆ మాటకు మా కాడ జవాబు లేదు. మేము హాస్టల్లో తింటున్నాం, ఆ కంతులు కట్టేది ఆయన.

అప్పుడు యాడి మాట్లాడింది. మేము చిన్నప్పుడు కోతలకు పోయి ఇట్లాంటి బండిలోనే వస్తుంటే, మలుపులో వెనక డోరు గొలుసు ఊడి మా పిన్నమ్మ రోడ్డు మీద పడిందంట. నడుము ఇప్పటికీ సరిగా లేదు, అది మాకు తెలుసు. ఎట్ల పడిందో మాత్రం ఆ రోజే విన్నాం. "మూటలకు పట్ట, తాడు, కొక్కెం అన్నీ రాసినారు. మాకు కమ్మి ఒకటి పెడితే సరిపోతాదా?" అనింది. తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆ లైను అన్నే కొట్టేసినాడు.

కానీ కోతలకు పోవడం ఆగదు. అందుకని ఇంకో దారి చూసినాం. డోన్ నుంచి నంద్యాల, మార్కాపురం, నరసరావుపేట మీదుగా గుంటూరుకు రైలు దారి ఉండాది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. బస్సెక్కేదానికి అడ్డం ఏమంటే మూటలు. రెండు నెలల బియ్యం, జొన్నపిండి, గిన్నెలు, పరుపులు. సరే, మనుషులు రైల్లో, బస్సులో, మూటలు మా బండిలో అన్నాం. ఒక్కో ఇంటి మూటలకు ఒక రంగు గుడ్డ కట్టి, పైన ఆ కొత్త పట్ట కప్పి అన్న దించి వచ్చినాడు. బాడుగ ఆయన అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు. నాలుగు ఇండ్లవాళ్లు మాట వినకుండా వేరే బండి తొట్టిలోనే పోయినారు, ఇంటి ముందర ఎక్కి చేను కాడ దిగొచ్చని. వాళ్లను తప్పు పట్టలేం.

మొత్తం పాతిక వేలకు వెయ్యి పైన అయ్యింది. వచ్చే కోతలకు తండా అంతా కలిసి ముందే మాట్లాడుకుంటే అన్నకు బాడుగా గిట్టుతాది, తొట్టిలో మనిషీ ఎక్కడు అని ఆశ. మీ తండాల్లో, గూడేల్లో కూలికి పోయేవాళ్లు ఎట్ల పోతున్నారో, బండ్లున్నవాళ్లు ఎట్ల సర్దుకుంటున్నారో రాయండి. ఇంట్లో బండి ఉంటే ఈ ఆదివారం ఇన్సూరెన్సు పేపరు ఒకసారి విప్పి, ఇంట్లోవాళ్లకు తెలుగులో చదివి వినిపించండి.