జాబ్ కార్డు మూసినా ఆగని ఆయిల్

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారన్న కబురు అందిందంటే మా ఊరు మేళ్లచెరువులో ట్రాక్టర్లకు నిద్ర ఉండదు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటి నుంచి ఈ ఆయకట్టు ఊళ్లు పనుల లెక్క కాలువను చూసుకునే వేసుకుంటున్నాయి. తూము తెరిస్తే అందరి మళ్లూ ఒక్కసారే తడుస్తాయి. దమ్ము అందరికీ అదే వారంలో కావాలి. నారు ముదరకముందే నాట్లు పడాలి. నీళ్లు, నారు, నాటు కూలీలు, ట్రాక్టరు ఒకే రోజు ఒకే మడి గట్టున కలవాలి. మొదటి మూడూ కుదిరి నాలుగోది ఆగిపోతే ఆ రోజంతా వృథా. నాటుకు వచ్చిన ఆడవాళ్లను వెనక్కి పంపితే మళ్లీ ఎప్పుడు దొరుకుతారో చెప్పలేం.

వెనకటి రోజుల్లో ఒక జత ఎడ్లు కుంటుపడితే పక్కింటి జత వచ్చేది. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరలో బండలాగే ఎడ్లను చూసేందుకు ఇప్పటికీ ఊరు ఊరంతా కదులుతుంది. వాటిని మేపే రైతుల మీద నాకు ఎంతో గౌరవం. కానీ దమ్ముకు ఎడ్లను కట్టే ఇల్లు ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. దమ్ము భారమంతా ట్రాక్టరు మీదే పడింది. అందుకే ట్రాక్టరు కింద పడే ఒక్కో ఆయిల్ చుక్క గురించి నేను ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

మా అన్న అప్పు చేసి కొన్న ట్రాక్టరుకు మొదటి ఏడాదే కుడి వెనక చక్రం లోపలివైపు చెమ్మ కనిపించింది. మొదట బురద నీళ్లనుకున్నాం. తుడిచి చూస్తే వేలికి జిగురుగా అంటింది, గేర్ ఆయిల్ వాసన కొట్టింది. ట్రాక్టరు సంగతి తెలియని వాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. చాలా ట్రాక్టర్లలో గేర్లకూ, డిఫరెన్షియల్‌కూ, వెనక లిఫ్టుకూ, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకూ ఒకే ఆయిల్ పోస్తారు. యాభై హార్స్‌పవర్ బండి అయితే అది పదుల లీటర్లు. ఆ ఆయిల్ తగ్గిందంటే ముందు లిఫ్టు నీరసిస్తుంది, గొర్రు లేవదు. ఆ తర్వాత గేర్లు అరుగుతాయి. ఆయిల్ పోయే సందులోంచి బురద నీళ్లు లోపలికి కూడా దూరతాయి. అప్పుడు మిగిలిన ఆయిల్ పాలలాగా తెల్లబడుతుంది. సున్నపురాయి లారీలూ సిమెంటు లారీలూ తిరిగే మా రోడ్ల మీద ఆ తడికి దుమ్ము పట్టి, సీలు అంచును అరగదీసే ముద్దగా తయారవుతుంది.

సర్వీస్ సెంటరులో మొదటిసారి మర్యాదగానే చూశారు. "సీల్ పోయిందన్నా. వారంటీలనే ఉన్నది, సీలుకు పైసల్లేవు" అన్నాడు అక్కడి కుర్రాడు. చక్రం విప్పారు, సీలు మార్చారు, చేసిన పని రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంటికి వచ్చేలోపే కంపెనీ నుంచి ఫోను, సర్వీసుతో తృప్తిగా ఉన్నారా అని. బండి ఇంకా మడిలో దిగనే లేదు. ఆ ప్రశ్నకు ఎవరైనా ఏం జవాబు చెప్తారు? ఉన్నామనే చెప్పాడు అన్న. అక్కడితో ఆ కంప్లైంటు కంపెనీ లెక్కలో ముగిసిపోయింది.

దమ్ముకు వాడే ఇనుప చక్రాలు, అంటే కేజీ వీల్స్ కట్టి మడిలో దింపాక అదే చోట మళ్లీ కారింది. మళ్లీ తీసుకెళ్తే మళ్లీ సీలే మార్చారు, ఇంకో జాబ్ కార్డు రాశారు. సీలు ఉచితమే. కారిపోయిన ఆయిల్ మాత్రం మాదే, ఎందుకంటే ఆయిల్, ఫిల్టర్లు వారంటీ కిందికి రావు. కేజీ వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కితే జరిమానా పడుతుంది కాబట్టి వాటిని విప్పి, టైర్లతో వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ కట్టాలి. బండి షెడ్డులో ఉన్న రోజులకు కిరాయి ట్రాక్టరు పిలవాలి. వారంటీ గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. షెడ్డులో నిలబడ్డ రోజులు కూడా అందులోంచే తరిగిపోతాయి.

ఇంకోసారి వెళ్లినప్పుడు వాళ్ల మాట మారింది. "బురదల నడిపితే సీలు పోకుంట ఎట్లుంటదన్నా?" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాలువ కింద వరి పండించే ఊళ్లో, వరి రైతుకు, బురద చిమ్ముతూ దూసుకుపోయే బండి బొమ్మను చూపించి అమ్మారు. బురద ఈ బండికి వచ్చిపడ్డ ప్రమాదం కాదు, దాని రోజువారీ పని. దేశంలో ట్రాక్టర్లను పరీక్షించే సంస్థలకు కూడా ఈ సంగతి తెలుసు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్షా సంస్థ ఉంది, మన పొరుగున అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత సంస్థ ఉంది. ఇలాంటి పరీక్షల్లో ట్రాక్టరును తడి నేలలో దున్నించి, ఆ తర్వాత విప్పి, క్లచ్చులోకి, బ్రేకుల్లోకి, ముందు హబ్బుల్లోకి, ఆయిల్‌లోకి బురదగానీ నీరుగానీ చేరిందా అని చూసి రిపోర్టులో రాస్తారు. అమ్మకముందు బురదలో పరీక్షించే బండిని, రిపేరు చేశాక పొడి సిమెంటు గచ్చు మీద నాలుగు చుట్లు తిప్పి బాగైందని చెప్పడం ఏం న్యాయం?

సీలు ఎందుకు పోతుందో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. ఆయిల్ సీలంటే ఒక రబ్బరు వలయం. దాని సన్నటి పెదవి తిరుగుతున్న షాఫ్టును ఒత్తుకుని ఉంటుంది. ఆ పెదవి సడలకుండా వెనక ఒక చిన్న స్ప్రింగు చుట్టి ఉంటుంది. సీలు తనంతట తాను పాడవడం కొన్నిసార్లే. కొత్త సీలు కూడా వెంటవెంటనే పోతోందంటే పక్కన ఇంకేదో దాన్ని చంపుతోందన్నమాట. పెదవి ఆనే చోట షాఫ్టు అరిగి గీత పడి ఉండవచ్చు. అప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఆ గీత సందులోంచి ఆయిల్ వస్తూనే ఉంటుంది. బేరింగు లూజై షాఫ్టు ఊగుతూ ఉండవచ్చు. లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టిన బ్రీదర్ బురదతో పూడిపోయి ఉండవచ్చు. ఆయిల్ వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తోసుకొస్తుంది. పాత పంట గడ్డి, బస్తాల దారాలు ఆక్సిల్‌కు చుట్టుకుని పెదవిని కోసి ఉండవచ్చు. బిగించేటప్పుడే వంకరగా కూర్చుని ఉండవచ్చు. వీటిలో ఏదన్నది చూడకుండా సీలు మారుస్తూ పోవడమంటే, కురిసే కప్పు కింద కొత్త గిన్నెలు పెడుతూ పోవడమే.

ఈ సంగతి చివరికి మాకు చెప్పింది ఒక పెద్ద మెకానిక్కు. మేం పట్టుబట్టి అడిగితే సర్వీస్ సెంటరు వాళ్లే ఆయనను వేరే చోటి నుంచి పిలిపించారు. ఆయన వచ్చీరాగానే స్పానరు పట్టలేదు. దమ్ములో ఎన్ని గంటలకు కారడం మొదలవుతుంది, బండి వేడెక్కాకా, చల్లగా ఉన్నప్పుడా, ఒక పక్కేనా, గట్టు ఎక్కేటప్పుడు ఎక్కువవుతుందా అని అన్నను కూర్చోబెట్టి అడిగాడు. ఆ తర్వాత చక్రాన్ని జాకీ మీద లేపి రెండు చేతులతో ఊపి చూశాడు. బ్రీదర్ విప్పితే గట్టిపడ్డ బురద రాలింది. షాఫ్టు మీద గోరు పెట్టి గీస్తే గోరు ఆగింది. "ఈ గీత ఉన్నంతకాలం బంగారంతో సీలు చేసినా నిలవదన్నా" అన్నాడు. బేరింగు, షాఫ్టు, సీలు మూడూ వారంటీ కింద మారాయి. ఆ పంటకు మళ్లీ ఆయిల్ చుక్క పడలేదు. ఆయన చేతికున్న నైపుణ్యం ఎంత గొప్పదో, రైతును కూర్చోబెట్టి వినడమూ అంతే గొప్పది. బండి గురించి దాన్ని రోజూ నడిపేవాడికి తెలిసినంత కంప్యూటర్‌కు తెలియదు. ఆ మొదటి రోజే ఎవరైనా ఆ ప్రశ్నలు అడిగి ఉంటే ఒక పంట కాలం మిగిలేది.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది. అదే చోట మళ్లీ కారిందంటే అది కొత్త కంప్లైంటు కాదు, పాత కంప్లైంటే ఇంకా తీరలేదని అర్థం. కంపెనీ లెక్కలో ప్రతి జాబ్ కార్డూ వేరు. ప్రతిదీ వచ్చింది, చేశారు, మూసేశారు. ఆ లెక్కన చూస్తే వాళ్లు రైతు పిలిచిన ప్రతిసారీ పలికారు, ఏ తప్పూ లేదు. రైతు లెక్కలో మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే ఒక్క కంప్లైంటు నడుస్తోంది. ఈ రెండు లెక్కలూ కలిస్తేనే వారంటీకి విలువ.

కలపడానికి రైతు చేతిలో ఉన్న సాధనం కాయితమే. ప్రతిసారీ జాబ్ కార్డు కాపీ అడిగి తీసుకోవాలి. దాని మీద తేదీతో పాటు అవర్ మీటరు అంకె ఉండాలి. "ఆయిల్ లీక్" అని రాసి వదిలేయకుండా "ముందు కూడా ఇదే చోట లీక్" అని రాయించాలి. ఏం మార్చారో, ఎందుకు పోయిందని తేల్చారో రాయమనాలి. ఎందుకన్న చోట ఖాళీగా వదిలితే ఆ ఖాళీయే రేపు సాక్ష్యమవుతుంది. తీసేసిన సీలును, అరిగిన షాఫ్టును ఫోటో తీసి పెట్టుకోవాలి. కారిపోయిన ఆయిల్‌ను ఎవరూ దాచి చూపించలేరు కదా.

చట్టం కూడా రైతు పక్కన నిలబడగలదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చి, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఉన్న మహానగరానికి వెళ్లనక్కరలేదు. వకీలు తప్పనిసరి కాదు. ఐదు లక్షల దాకా విలువైన వస్తువుకు ఫీజు లేదు. ఐదు దాటి పది లక్షల లోపు ట్రాక్టరుకు 200 రూపాయలు. గడువు రెండేళ్లు. ముందు సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ట్రాక్టరు వ్యాపార యంత్రం కదా, నువ్వు వినియోగదారుడివి కావని ఎవరైనా అంటే భయపడనక్కరలేదు. బతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి యంత్రం కొన్నవాడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా, వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది.

విత్తనాల కేసు మనకు ఇంకా దగ్గరిది. మహబూబ్‌నగర్, కర్నూలు, ఖమ్మం, గుంటూరు జిల్లా ఫోరాల్లో రైతులు నాసి విత్తనాల మీద వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నమూనాను ల్యాబ్‌కు పంపలేదన్నది జాతీయ విత్తన సంస్థ వాదనల్లో ఒకటి. కొన్న విత్తనమంతా నేలలో చల్లే రైతు నమూనా దాచిపెట్టుకోవాలనడం సరికాదని 2012లో కోర్టు రైతుల వైపే తీర్పు చెప్పింది. రైతు సాక్ష్యం పొలంలోనే ఉంటుందని ఒక పెద్ద న్యాయస్థానం అర్థం చేసుకుంది. ఒక హద్దు కూడా తెలిసి ఉండాలి. వారంటీ షరతులు పాడైన భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైతే బండినంతా మార్చమనలేమని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. అందుకే కొత్త బండి ఇవ్వమని మొదటే పట్టుబట్టడం కంటే, అసలు కారణం తేల్చి ఆ భాగాన్ని సరిగా బాగుచేయమని అడగడం బలమైన వాదన.

కోర్టు దాకా పోకుండానే తీరవలసిన సంగతి ఇది. కంపెనీలను నేను అడిగేవి మూడే. ఒకే చోట రెండోసారి కారితే సీలు మార్చి పంపకుండా, కారణం తేల్చగల పెద్ద మెకానిక్కు తప్పనిసరిగా రావాలి. ఆ భాగం వారంటీ చివరి రిపేరు నుంచి మళ్లీ మొదలవ్వాలి, తప్పుడు రిపేరు వల్ల పోయిన ఆయిల్ ఖర్చు వాళ్లే భరించాలి. బండి ఒక దమ్ము కాలం మడిలో దున్ని, పొడిగా బయటికి వచ్చి, నడిపినవాడు బాగుందని చెప్పేదాకా జాబ్ కార్డు మూయకూడదు. తృప్తిగా ఉన్నారా అని అడిగే ఆ ఫోను నాట్లు పూర్తయ్యాక రావాలి. అప్పుడు వచ్చే జవాబు కంపెనీకీ పనికొస్తుంది, పక్క ఊళ్లో అదే బండి కొనబోయే రైతుకూ పనికొస్తుంది.