పదహారు గంటల చదువు

గత సంక్రాంతికి మా మనవరాలు విజయవాడ హాస్టలు నుంచి ఇంటికి వచ్చింది. నీట్ పరీక్ష ఒకసారి రాసి, సీటుకు చాలినన్ని మార్కులు రాక, ఈ ఏడాది లాంగ్‌టర్మ్ శిక్షణలో చేరిన పిల్ల. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ముఖం చూశాను. ఏళ్ల తరబడి ఓపీలో కూర్చున్నవాడికి కొన్ని విషయాలు అడగకుండానే తెలుస్తాయి. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎరుపన్నది లేదు, పాలిపోయి ఉంది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి, చదివింది బుర్రకెక్కడం లేదన్న దిగులు. పండుగ వెళ్లిన మరునాడే రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 8.6 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి.

"రోజుకు పదహారు గంటలు చదువుతున్నాను తాతయ్యా. అయినా మార్కులు పెరగడం లేదు" అన్నది.

ఆ పదహారు గంటల మాట వినగానే నాకు తల వంచుకోవాలనిపించింది. మా ఇంట్లో ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే.

1999లో మా అబ్బాయి, అంటే ఈ పిల్ల తండ్రి, మెడిసిన్ కోసం ఎంసెట్‌కు చదువుతున్నప్పుడు తెల్లటి చార్టు మీద స్కేలు పెట్టి గళ్లు గీసి నేనే ఒక టైంటేబుల్ తయారుచేశాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పదకొండు దాకా గడియారంలో ఒక్క గంట కూడా ఖాళీ లేదు. "నేను లాంతరు వెలుగులో పదహారు గంటలు చదివాను, నీకు ట్యూబులైటు ఉంది" అని రోజూ వల్లించేవాణ్ణి. వాడు ఎదురు చెప్పే రకం కాదు. గోడమీది గళ్ల ప్రకారమే కూర్చున్నాడు. పరీక్ష ముందురోజు రాత్రి రెండింటి దాకా చదివాడు. మరునాడు హాలు నుంచి బయటికి వచ్చి, "అన్నీ తెలిసిన ప్రశ్నలే నాన్నగారూ, కానీ ఒక్కొక్క ప్రశ్న రెండుసార్లు చదివినా తలకెక్కలేదు" అన్నాడు. సీటు కొద్దిలో తప్పిపోయింది. అదృష్టం బాగాలేదని అందరికీ చెప్పుకొన్నాను. వాడు వృక్షశాస్త్రం చదివి డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు, ఆ ఉద్యోగాన్ని ఇష్టంగానే చేసుకుంటున్నాడు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పదహారు గంటలు చదవలేదు. రేపల్లె దగ్గర మా పల్లెలో అప్పట్లో కిరోసిన్‌కు కటకట. రాత్రి పదయ్యేసరికి మా నాన్నగారు వచ్చి లాంతరు వత్తి తగ్గించి, ఉఫ్ అని ఆర్పేసేవారు. ఆయనకు నా చదువు మీద ప్రేమ లేక కాదు, మరునాటికి నూనె మిగలాలి కదా. చేసేదేమీ లేక నులకమంచం మీద వెల్లకిలా పడుకొని, ఆనాడు చదివినదాన్ని చీకట్లో మొదటినుంచి గుర్తుచేసుకునేవాణ్ణి. కప్ప రక్తప్రసరణ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుంది, మాల్వేసీ కుటుంబ లక్షణాలు ఏమిటి అని నాలో నేనే అడుక్కొని నేనే జవాబు చెప్పుకునేవాణ్ణి. ఎక్కడ ఆగిపోయానో అది ముల్లులా గుచ్చుకునేది. పొద్దున్నే లేవగానే ముందు ఆ పేజీయే తెరిచేవాణ్ణి. ఆ చీకటి గంటను నష్టపోయిన సమయంగానే ఎన్నాళ్లో లెక్కవేసుకున్నాను. కొడుక్కి లాంతరు కథ చెప్పాను గాని, దాన్ని ఆర్పేసేవారన్న సంగతి చెప్పలేదు.

పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి, జ్ఞాపకశక్తి మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాసినవి కొన్ని చదివాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి చాలా ప్రసిద్ధం. ఒక వర్గం వారు పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. మరొక వర్గం వారు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు: 83 శాతం, 71 శాతం. వారం తరువాత ఫలితం తలకిందులైంది. చదివినవారికి గుర్తున్నది 40 శాతం, రాసి చూసుకున్నవారికి 61 శాతం. మళ్లీ మళ్లీ చదివినవాడికి అంతా వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. పేజీ పరిచయమైనది కాబట్టి వచ్చినట్టే ఉంటుంది. పరీక్ష వారం తరువాత వస్తుంది, నెలల తరువాత వస్తుంది.

ఇది చదివాక మా మనవరాలి జీవశాస్త్రం పుస్తకం తెరిచి చూశాను. ఆకుపచ్చ, పసుపు, గులాబి రంగు గీతలతో హోలీ ఆడినట్టుంది. మూత్రపిండం పాఠం అయిదుసార్లు పూర్తిచేశానన్నది. పుస్తకం మూసి, తెల్లకాగితం ఇచ్చి, నెఫ్రాన్ బొమ్మ వేసి హెన్లీ వంపులో ఏ భాగం నీటిని పోనిస్తుందో, ఏ భాగం లవణాలను పోనిస్తుందో రాయమన్నాను. గ్లోమెరులస్ దాకా బాగానే వచ్చింది. వంపు దగ్గర కలం ఆగిపోయింది. దిగే భాగమా, ఎక్కే భాగమా అని తడబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచాను. మేము వేసుకున్న పథకం ఆ కాగితం నుంచే మొదలైంది.

అప్పటికి పరీక్షకు పదిహేను వారాలే ఉన్నాయి. గంటల లెక్క మానేశాం. ముందుగా ఒక పాత ప్రశ్నపత్రం తీసుకొని, అసలు పరీక్ష జరిగే వేళకే, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా, ఓఎంఆర్ కాగితంతో సహా రాయించాను. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. అంటే చదవడానికీ ఆలోచించడానికీ గడి నింపడానికీ కలిపి ప్రశ్నకు ఒక్క నిమిషం. సాయంత్రం తప్పులన్నీ మూడు కుప్పలుగా విడదీశాం: అసలు తెలియనివి, తెలిసి మరిచినవి, తెలిసీ తొందరలో పొరబడినవి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. జ్వరమని వచ్చిన ప్రతివారికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుణ్ణి మనం నమ్మం కదా! మా పిల్ల తప్పుల్లో అన్నిటికంటే పెద్ద కుప్ప రెండోది. మూడోది కూడా తక్కువేమీ కాదు, "సరికానిది ఏది" అని అడిగితే సరైనదాన్ని గుర్తించి వచ్చింది. అసలు తెలియనివి అన్నిటికంటే తక్కువ. కానీ పదహారు గంటలూ ఖర్చవుతున్నది మాత్రం కొత్త పాఠాల మీదే.

ఆ తరువాత ప్రతి అధ్యాయం పైనా పెన్సిలుతో నాలుగు తేదీలు వేసుకోమన్నాను: చదివిన రోజు రాత్రి, మూడోనాడు, వారానికి, మూడు వారాలకు. ఆయా తేదీల్లో పుస్తకం తెరవకూడదు. ముందు కాగితం మీద గుర్తున్నది రాసి, తరువాతే పుస్తకంతో సరిచూసుకోవాలి. భౌతికశాస్త్రం లెక్కలు ఒకే అధ్యాయానివి నలభై వరసగా చేయడం ఆపించాను. నాలుగు అధ్యాయాలవి కలిపి చేయాలి. ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడమే సగం లెక్క, వరసగా చేసేవాడికి ఆ సగం అభ్యాసం ఉండదు. ఆదివారం మధ్యాహ్నం పూర్తి పరీక్ష, సోమవారం ఉదయం కొత్త పాఠం లేకుండా తప్పుల పుస్తకం. జీవశాస్త్రం 90 ప్రశ్నలు, సగం మార్కులు దానివే. దాన్ని ముందు ముగించి మిగిలిన సమయం లెక్కలకు ఉంచుకోమన్నాను, ఇది మాత్రం నా అభిప్రాయమే.

తప్పు జవాబుకు ఒక మార్కు పోతుందని ఈ పిల్ల అనుమానమున్న ప్రశ్నలన్నీ వదిలేసేది. సరైన జవాబుకు నాలుగు మార్కులు. నాలుగింటిలో రెండు జవాబులు కచ్చితంగా కావని తెలిస్తే, మిగిలిన రెండింటిలో ఒకటి గుర్తించడం సగటున ఒకటిన్నర మార్కు లాభం. లెక్క వేసి చూపిస్తే గాని నమ్మలేదు.

ఇక నిద్ర. పగలు నేర్చినది మెదడులో స్థిరపడే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది. యుక్తవయసు పిల్లలకు ఎనిమిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి, ఆ వయసులో శరీరపు గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది. వారిని నాలుగింటికి లేపి కూర్చోబెడితే కళ్లు పుస్తకం మీద ఉంటాయి, అంతే. పడుకునే ముందు తాగిన కాఫీ సగం దాకా అయిదు గంటల తరువాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

నిద్ర లెక్క చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. హాస్టలులో పదకొండుకు దీపాలు ఆర్పి అయిదింటికి గంట కొడతారు. స్టడీ అవర్లో పుస్తకం మూసి కూర్చుంటే ఇన్‌చార్జి ఊరుకోడు. అక్కడినుంచి తీసేసి గది అద్దెకు తీసుకుందామన్నాను. "తోటి పిల్లలంతా చదువుతుంటే ఇది నిద్రపోతే ఎలా మామయ్యగారూ?" అన్నది కోడలు, భయంతోనే. మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "నన్ను మాత్రం పదకొండు దాకా కూర్చోబెట్టారు కదా నాన్నగారూ" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తేలికగా ఉండేది. "అవును. అందుకే చెబుతున్నాను. లాంతరు మా నాన్నగారు పదింటికే ఆర్పేసేవారురా" అన్నాను. వాడు నా వంక చూసి, "ఈ మాట అప్పుడు చెప్పలేదే" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఇప్పుడు మా ఆవిడ విజయవాడలో మనవరాలితో ఉంటోంది. నేనిక్కడ చేయి కాల్చుకుంటున్నాను.

రక్తహీనత సంగతి వేరే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగం మందికి పైగా రక్తహీనులే. ఇనుము తక్కువైతే రక్తమే కాదు, ఏకాగ్రత కూడా తగ్గుతుంది. ఆ పిల్లను సోమరి అంటాం, మొద్దు అంటాం. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందా, కడుపులో పురుగులున్నాయా అన్నవి తప్పక చూడాలి. మా పిల్లకు నెలసరి ఎక్కువ, చెప్పుకోవడానికి సిగ్గుపడింది. ఇనుము మాత్ర పాలతోనూ టీతోనూ వేసుకుంటే ఒంటబట్టదు, నిమ్మరసంతో వేసుకోవచ్చు. మలం నల్లగా వస్తుంది, భయపడి మానకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు వాడాలి. పిల్లలు హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడు మార్కుల జాబితా అడగండి, కాదనను. దానితోపాటు ఒక రక్తపరీక్ష కూడా చేయించండి.

ఒక లెక్క తల్లిదండ్రులు ఇష్టం లేకపోయినా వినాలి. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా. ఆ ఏడాది దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షకు పైగా. ఎంత మంచి పథకమైనా అందరికీ సీటు తేలేదు. కాబట్టి రెండో దారి ఏమిటో పరీక్షకు ముందే, కోపతాపాలు లేనప్పుడే పిల్లతో మాట్లాడుకోవాలి. మేము మాట్లాడుకున్నాం. నర్సింగ్, మైక్రోబయాలజీ అన్నది. ఆ సాయంత్రం పిల్ల చాలా రోజుల తరువాత కడుపునిండా అన్నం తిన్నది. తిండి మానేసి, నవ్వడం మానేసి, బతకడం ఎందుకన్న మాట పిల్ల నోట వస్తే మాత్రం పరీక్ష అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

రాత్రి తొమ్మిదిన్నరకు మనవరాలు నాకు ఫోను చేస్తుంది. దీపం ఆర్పి, మంచం మీద పడుకొని, ఆనాటి పాఠం చెబుతుంది. నేను పుస్తకం ముందు పెట్టుకొని వింటాను. ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గుర్తు పెడతాను. మొన్న హెన్లీ వంపు మళ్లీ అడిగాను. దిగే భాగం నీటిని పోనిస్తుంది, లవణాలను దాదాపు పోనివ్వదు, ఎక్కే భాగం అందుకు విరుద్ధం అని తడుముకోకుండా చెప్పింది. తరువాత గ్రాహక నాళం దగ్గర ఆగిపోయి, "రేపు చెబుతాను తాతయ్యా, నిద్ర వస్తోంది" అని ఫోను పెట్టేసింది. హిమోగ్లోబిన్ ఇప్పుడు 10.9. వచ్చే నెల మళ్లీ చూడాలి.