పట్నం గడపలో నల్గొండ

దసరా సెలవులు మొదలైతే చాలు... హైదరాబాద్‌ ఎల్బీనగర్‌ చౌరస్తాలో కాలు పెట్టే సందుండదు. చేతుల్లో సంచులు, చంకల్లో పిల్లలు, ‘సూర్యాపేట... సూర్యాపేట’ అంటూ కేకలు! బస్సెక్కితే చౌటుప్పల్‌, నార్కట్‌పల్లి, నకిరేకల్‌ దాటాక కేతేపల్లి. సుమారు వంద కిలోమీటర్లు. పండగ కాగానే అదే దారిన తిరుగు ప్రయాణం. అప్పుడు సంచుల్లో కొత్తబట్టలకు బదులు ఇంటి బియ్యం, మామిడికాయ తొక్కు, అమ్మ చేసిన అప్పాలు ఉంటాయి. నగరపటంలో ఎల్బీనగర్‌ ఒక శివారు కావచ్చు. ఈ దారిలోని నల్గొండ పల్లెలకు మాత్రం అది పట్నంలో సొంత గడప.

సరాయి నుంచి మెట్రో దాకా...

ఈ దారి నిన్నా మొన్నటిది కాదు. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన పాతబాట ఇటు నుంచే సాగేది. మహమ్మద్‌ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్‌ బక్షీ బేగం పేరు మీద వెలసిందే హయత్‌నగర్‌. 17వ శతాబ్దం నాటి మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు, దగ్గర్లోని హాథీ బావి ఇప్పటికీ ఆనాటి మజిలీని గుర్తుచేస్తాయి. రాజధానికి చేరేముందు అలసట తీర్చుకునే చోటు అది.

పక్కనున్న అడవి నిజాముల వేటస్థలం. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో అది మహావీర్‌ హరిణ వనస్థలి అయింది. అప్పటిదాకా తుపాకీకి ఎదురైన కృష్ణజింకలకు అభయం దొరికింది. ఆ పచ్చదనం అంచునే వనస్థలిపురం కాలనీలు పెరిగాయి. ఎల్బీనగర్‌ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్‌ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. ఒకప్పుడు సరాయిలో ఆగిన దారి ఇప్పుడు రైలెక్కి నగరమంతా తిరుగుతోంది.

ఇక్కడే ఎందుకు?

ఊరి నుంచి వచ్చినవాళ్లు నగరానికి ఆ చివర కాకుండా ఇక్కడే ఎందుకు ఇల్లు వెతుక్కున్నారు? సమాధానం చౌరస్తాలోనే ఉంది. విజయవాడ వెళ్లే రోడ్డు, నాగార్జునసాగర్‌ వెళ్లే రోడ్డు చీలేది ఇక్కడే. నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే పట్నమంతా దాటక్కర్లేదు. చౌరస్తాకొచ్చి బస్సెక్కితే చాలు. నాట్ల వేళకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. నగరం నడిబొడ్డున గజం కొనలేని టీచర్లు, గుమాస్తాలు, చిరువ్యాపారులు ఇక్కడ వాయిదాల మీద జాగా కొనుక్కున్నారు. ముందు ఒక గది, పిల్లల చదువులయ్యాక మరో అంతస్తు... ఇళ్లు కూడా సంసారంతో పాటే పెరిగాయి. కూరగాయలకు వనస్థలిపురం రైతుబజారు. ఇక నల్గొండ బత్తాయికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ ఎన్నో ఏళ్లు పెద్ద అంగడి. తర్వాత అది ఇదే రహదారి మీది బాటసింగారానికి తరలింది. వాకిట్లో ముగ్గు, బతుకమ్మకు తంగేడు పూలు, పలకరింపులో ఊరి యాస... ఏవీ దూరం కాలేదు.

నీళ్లు మరిచిపోవు!

పెరుగుదలకు ఓ ధర కూడా ఉంటుంది. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్‌ ప్రాంతంలో ఒక్కరోజే దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. చెరువుల కింద, నాలాల వెంట వెలసిన కాలనీలు మునిగాయి. జీవితకాలపు పొదుపుతో కట్టుకున్న ఇళ్లలో నడుములోతు నీళ్లు. పల్లెలో చెరువు అలుగు కింద ఎవరూ ఇల్లు కట్టరు. ఆ సంగతి తెలిసినవాళ్లే ఇక్కడ ప్లాటు కొనేటప్పుడు, చెరువు ఎక్కడుందని అడగలేదు. అమ్మినవాళ్లూ చెప్పలేదు.

మరో ముడి కూడా ఉంది. అది మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది నగరం మధ్య నుంచి, నాగోలు పక్క నుంచి పారి కేతేపల్లి దగ్గర్లోని సోలిపేట వద్ద ఆగుతుంది. అక్కడిదే 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు. నిల్వ సామర్థ్యం 4.46 టీఎంసీలు. కుడి, ఎడమ కాలువల కింద వేల ఎకరాల వరి పండుతుంది. వానలతో పాటు నగరం వదిలే నీరూ ఆ జలాశయంలోకి చేరుతుంది. శుద్ధి చేసి వదిలితే అది పంటకు బలం. చేయకుండా వదిలితే పొలంలో దిగిన కాళ్లకు దురద, చేపలకు చేటు.

కొడుకు ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుంటాడు. తండ్రి సోలిపేట కాలువ కింద నాటేస్తాడు. కొడుకు వంటింటి తూము నుంచి వెళ్లిన నీళ్లే ఎన్నో మలుపులు తిరిగి తండ్రి మడిలోకి చేరతాయి. పండగకు వెళ్లొచ్చేటప్పుడు తెచ్చుకునే బియ్యం ఆ మడిలోవే. శివారు మురుగు ఎటు పోతుందన్నది ఇక్కడి కుటుంబాలకు మున్సిపాలిటీ లెక్క మాత్రమే కాదు... ఇంటి లెక్క కూడా!