గిటార్ మాన్పించాలా, సార్?



క్రికెట్ మ్యాచ్‌లోనో, కాలేజీ ఫెస్ట్‌లోనో జనమంతా రెండుసార్లు నేల మీద కాలు కొట్టి, ఒకసారి చప్పట్లు చరచడం మీరు వినే ఉంటారు. ధబ్, ధబ్, చప్! ఇంగ్లీషు పాటలు వినని వాళ్లకి కూడా ఆ వరస తెలుసు. అది క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1977లో విడుదల చేసిన 'వీ విల్ రాక్ యూ' పాటలోది. ఆ పాట రాసింది బృందంలోని గిటారిస్టు బ్రయాన్ మే. (ఆ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టి, మన పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడు. అది వేరే కథ.)

లండన్‌లో ఒక పాత చర్చిలో ఉన్న స్టూడియోలో నలుగురైదుగురు చెక్క పలకల మీద కాళ్లు కొడితే వచ్చిన చప్పుడు అది. మరి వేలమంది కొట్టినట్టు ఎలా వినిపిస్తుంది? అదే చప్పుడును మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో రకం ఆలస్యంతో కలిపారు. ఆ ఆలస్యాలు ప్రైమ్ నంబర్ల లెక్కలో ఉండేలా మే చూసుకున్నారు. అలా చేస్తే ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి ప్రతిధ్వనిలా అనిపించదు, పెద్ద గుంపు కొట్టినట్టే ఉంటుంది. మన పిల్లలు చిన్న క్లాసులోనే నేర్చుకుని, పరీక్ష అయ్యాక మర్చిపోయే ప్రైమ్ నంబర్లే ఇవి. ఫిజిక్స్ టీచర్ని కాబట్టి ఈ సంగతి నేను క్లాసులో తప్పకుండా చెబుతాను. పిల్లలు నమ్మరు. పాట వినిపిస్తే నమ్ముతారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ప్రతి జూన్‌లో పేరెంట్ మీటింగ్‌లో ఒక ప్రశ్న వస్తుంది. "సార్, తొమ్మిదికి వచ్చాడు కదా, ఇంక గిటార్ మాన్పించాలా?" గిటార్ బదులు కీబోర్డ్, కూచిపూడి, చెస్, ఏదైనా కావచ్చు. ఈ ఏడాది మా అబ్బాయి కూడా తొమ్మిదికి వచ్చాడు. ఇప్పుడు నేను బల్లకి అటువైపు కూడా కూర్చోవాలి.

బ్రయాన్ మే గిటార్ సంగతి చెబుతాను. 1963లో ఆయనకి 16 ఏళ్లు. దుకాణంలో ఉన్న మంచి ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు. ఇద్దరూ కలిసి ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టారు. చలి మంట వేసుకునే గూటి మీద ఉండే పాత మహోగనీ చెక్క ఒకటి దొరికింది. దాంతో గిటార్ మెడ చెక్కారు. ఆ చెక్కని పురుగు తొలిచేసింది. ఆ రంధ్రాలని అగ్గిపుల్లలతో పూడ్చారు. లోపల పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు. తీగల్ని వణికించే కడ్డీకి సైకిల్ సీటు వెనక సంచి తగిలించే ఇనుప ముక్క, దాని కొసకి అమ్మ స్వెటర్లు అల్లే సూది తుంపు. మెడ మీద చుక్కలకి అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. పికప్‌లు కూడా ముందు తనే చుట్టాడు. తీగ వంచి వాయిస్తే చెడ్డ శబ్దం వచ్చేసరికి వాటిని మాత్రం కొనక తప్పలేదు. దాదాపు రెండేళ్లు పట్టింది. 2002లో ఎలిజబెత్ రాణి పాలన స్వర్ణోత్సవంలో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి ఆయన వాయించింది ఈ గిటారే. దాని మీటకి ప్లాస్టిక్ బిళ్ల వాడరు, పాత ఆరు పెన్నీల నాణెం వాడతారు. గట్టిగా ఉంటుంది, అంచు గరుకు తీగకి తగులుతుంది, పైగా చవక!

ఇంత ఓపిగ్గా గిటార్ చేయించిన తండ్రి, కొడుకు దాన్నే బతుకుతెరువు చేసుకుంటానంటే ఒప్పుకోలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ భాగమే. బ్రయాన్ ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ చేసి, అక్కడే పీహెచ్‌డీలో చేరాడు. గ్రహాల మధ్య తిరిగే సన్నటి ధూళి మీద పరిశోధన. నేచర్ పత్రికలో పేరు కూడా పడింది. కొంతకాలం లండన్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పాడు. 1974 నాటికి క్వీన్ పాటలు హిట్ కావడంతో పీహెచ్‌డీ వదిలేశాడు. ఇంట్లో మాటలు దాదాపు ఆగిపోయాయి. మనలో ఎవరమైనా ఆ స్థానంలో ఉంటే ఇంకోలా చేసేవాళ్లమా?

తర్వాత క్వీన్ న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయిస్తున్నప్పుడు, కొడుకు అమ్మానాన్నలని కాంకార్డ్ విమానంలో రప్పించాడు. ఆ విమానం పరికరాల మీద పనిచేసిన హెరాల్డ్ అప్పటిదాకా దాన్ని ఎక్కలేదు. కచేరీ చూశాక, తనకిప్పుడు అర్థమైందని కొడుకుతో అన్నాడట. నేను ఆ తండ్రిని తప్పు పట్టను. ఆయన ఇచ్చింది అనుమతి కాదు. రెండేళ్ల సాయంత్రాలు ఇచ్చాడు, ఉలి పట్టుకోవడం నేర్పాడు.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. 2006లో మే మళ్లీ ఇంపీరియల్‌లో పేరు నమోదు చేయించుకుని, 2007లో, 60 ఏళ్ల వయసులో పీహెచ్‌డీ పూర్తి చేశారు. మధ్యలో 30 ఏళ్లకి పైగా గడిచాయి. ఈలోగా ఆ ధూళి మీద పెద్దగా ఎవరూ పనిచేయకపోవడం తన అదృష్టమని ఆయన నవ్వుతూ చెబుతారు. ఆ గిరజాల జుట్టు చూసి, ఇంతగా న్యూటన్‌లా కనిపించే శాస్త్రవేత్తని తానెప్పుడూ చూడలేదని ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ ఆటపట్టించారు. తర్వాత బెన్నూ అనే గ్రహశకలం మీద నాసా నౌక ఎక్కడ దిగవచ్చో చూడటానికి మే త్రీడీ చిత్రాలు చేసి ఇచ్చారు.

ఈ కథ విని మన పిల్లల చదువు పక్కన పెట్టమని నేను అనను. బ్రయాన్ మే లాంటివాళ్లు అరుదు. గిటార్ పట్టిన ప్రతివాడూ స్టార్ కాడు, ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరిన ప్రతివాడికీ ఐఐటీ రాదు. నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. ర్యాంకు కోసం రెండో పనిని ఇంట్లోంచి తరిమేయడం ఎంత తొందరపాటో, రెండో పని కోసం పుస్తకాలు అమ్మేయడం కూడా అంతే తొందరపాటు. ఆయన గిటార్ పట్టుకుని వెళ్లాడు, కానీ పరిశోధన కాగితాలు పారేయలేదు.

మా ఇంట్లో ఆదివారం ఉదయం టెస్ట్ ఉంటుంది కాబట్టి గిటార్ క్లాసు సాయంత్రం నాలుగింటికి మార్చాం. మాస్టారు ఒప్పుకున్నారు. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆమె భయంలో న్యాయం ఉంది. పది దాటాక ఇంటర్‌లో పొద్దున్నించి రాత్రిదాకా క్లాసులే కదా, అప్పుడేం చేస్తామంటుంది. నా దగ్గర జవాబు లేదు. హాఫ్ ఇయర్లీ మార్కులు వచ్చాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందామని అనుకున్నాం. మీ ఇంట్లో పెద్ద పిల్లలతో ఈ దారి దాటి ఉంటే, వచ్చే మీటింగ్‌లో రెండు నిమిషాలు ఆగి ఎలా సర్దుకున్నారో చెప్పండి.