సుల్తాన్ బజారులో తడి మచ్చలు

బాలలూ! హైదరాబాదులో కోఠీ పక్కనే సుల్తాన్ బజారు ఉన్నది. పూర్వం అది బ్రిటిషు రెసిడెన్సీ బజారు. 1933లో తిరిగి నిజాము చేతికి వచ్చాక ఈ పేరు పెట్టారు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే ఉన్నది. మీరు వెళితే దుకాణాలు చూస్తారు. నేను మాత్రం రోడ్డును చూస్తాను.

వాన వెలిసిన కాసేపటికి రోడ్డు ఆరిపోతుంది. కాని అక్కడక్కడ తడి మచ్చలు మిగులుతవి. పల్లం లేనిచోట కూడా ఎందుకని? వంగి చూడండి. అక్కడ పెద్ద కంకర ఎక్కువ, సన్నది తక్కువ. సందుల్లో దిగిన నీరు రాళ్ళకు తారు పట్టు వదిలిస్తుంది. బండ్ల బరువుకు రాళ్ళు ఊడి గుంత పడుతుంది. నిరుడు ఒక వీధిలో నా కళ్ళెదుటే ఒక పిల్లవాడు సైకిలుతో సహా అలాంటి గుంతలో పడ్డాడు. వెనక వచ్చే ఆటో సమయానికి ఆగింది గనుక బతికిపోయాడు.

(మనం తారు అంటాం గాని, ఈనాడు రోడ్లకు వాడేది పెట్రోలియం నుంచి వచ్చే బిట్యుమెన్.)

కలిపిన సరుకు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎలా వచ్చింది? శనగలూ ఆవాలూ బాగా కలిపి, ఒకేచోట కుప్పగా పోయండి. శనగలు దొర్లి అంచులకు చేరుతవి. లారీలో ఒకే కుప్పగా పోస్తే కంకర కూడా అంతే. అందుకే తెలిసినవారు ముందొకటి, వెనకొకటి, నడుమ ఒకటి, మూడు కుప్పలుగా పోయిస్తారు.

రోడ్డు సమంగా కుదిరిందో లేదో పరీక్షించటానికి 100 మిల్లీమీటర్ల వెడల్పు గల గుండ్రని ముక్కను యంత్రంతో తొలిచి తీస్తారు. దాన్ని కోసి, కోసిన ముఖాన్ని ఫోటో తీస్తారు. ఫోటో అంతా చుక్కల మయం. లేతరంగు చుక్కలు రాయి, నల్లనివి తారు. ఖాళీలు కూడా నల్లగానే ఉండి మోసం చేస్తవి. వాటిని పట్టటానికి ఎక్స్‌రే వాడతారు. కంప్యూటరు బొమ్మను సమానమైన గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో రాతి చుక్కలెన్నో లెక్కిస్తుంది. ఒక గడిలో నూటికి 70, పక్కదానిలో 45 ఉంటే సరుకు విడిపోయిందన్నమాట.

ఈ లెక్క మీరూ చేయవచ్చు. ఒక పల్లీపట్టీ తెచ్చుకోండి. పల్లీలు కంకర, బెల్లం తారు. పలుచని కాగితంపై 100 గళ్ళు గీసి, పట్టీ మీద పరచి, పల్లీ ఉన్న గళ్ళు ఒక్కొక్క మూలన ఎన్నో లెక్కించండి. లెక్క ముగిసేదాకా కొరకవద్దు సుమా!