దోముహానీకి ఒక ఆదివారం

ఇనుము-ఉక్కు పరిశ్రమ స్థానాన్ని నిర్ణయించే కారకాలు మనందరి నోట్స్‌లో ఉన్నవే. నేను ఆ పేజీ ఐదుసార్లు తిరగరాశాను. మేముండేది జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో. ఆ పేజీలోని సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ మా ఊళ్లోనే, సోనారీ వైపు ఉంది. ఇంజనీరింగ్ పూర్తయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఒక్కసారీ అటు వెళ్లలేదు.

పోయిన వారం నాన్న అన్నారు: "ఓపాలి దోముహానీ ఎల్దాం రారా." నేను అలవాటుగా "ప్రిలిమ్స్ అయ్యాక నాన్నా" అన్నాను. రెండేళ్లుగా అదే జవాబు. నాన్న మాట్లాడకుండా పేపరు మడిచి లేచారు. వచ్చే నెల ఆయన రిటైర్మెంట్. తర్వాత ఈ క్వార్టర్ ఖాళీ చేసి శ్రీకాకుళం వెళ్లిపోతాం. ప్రిలిమ్స్ నాటికి మేమిక్కడ ఉండం. ఆ లెక్క నాకు ఆ రాత్రి తట్టింది.

అందుకే ఈ ఆదివారం వెళ్తున్నాం. ఉదయం అమ్మ చేసే పులిహోర కట్టుకుని, షేర్ ఆటోలో సాక్చీ, అక్కడి నుంచి ఇంకో ఆటోలో సోనారీ. వానాకాలంలో నది పొంగి ఉంటుంది. చలికాలంలో అయితే ఒడ్డున తీరిగ్గా కూర్చోవచ్చు. సూర్యాస్తమయం చూశాకే తిరుగు ప్రయాణం.

వెళ్లేముందు నాన్నకు చెప్పాలని కొన్ని తేదీలు గుర్తుపెట్టుకున్నాను. 1904 ఫిబ్రవరి 24న భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ ఇనుప ఖనిజం గురించి జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు. జంషెడ్జీ ఆ ఏడాదే కన్నుమూశారు. 1907లో కంపెనీ ఏర్పడింది. అటు ఖనిజం, ఇటు ఝరియా బొగ్గు, దగ్గర్లోనే కాళీమాటి రైల్వేస్టేషన్, రెండు నదుల నీళ్లు. ఇవన్నీ కలిసిన చోటు కాబట్టే సాక్చీని ఎంచుకున్నారు. 1912లో ఉక్కు వచ్చింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

ఇదంతా ఒక జవాబుకు సరిపోతుంది. కానీ మా తాత ఆ ఉక్కు కోసమే శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చాడు. నాన్న ముప్పై ఏళ్లకు పైగా అక్కడే షిఫ్టులు చేశారు. "కార్మికుల వలస" అని నేను ఒక్క ముక్కలో రాసి వదిలేసిన పాయింట్ వాళ్లిద్దరూ.

ఒక రోజు పోతే సిలబస్ వెనకబడదా అని మీరడగొచ్చు. వెనకబడుతుంది. పోయినసారి కొద్దిలో కటాఫ్ తప్పిన నాకు ఆ భయం బాగా తెలుసు. శనివారం రాత్రి ఓ గంట ఎక్కువ కూర్చుంటాను. ఆదివారం మాత్రం పుస్తకం పట్టుకెళ్లను. తేదీలు నేను చెప్తాను, మిగతాది నాన్న చెప్తారు.

మీకూ "పరీక్ష అయ్యాక" అని వాయిదా వేసిన చోటు ఒకటి ఉంటే, అప్పటికి మీతో వచ్చేవాళ్లు ఎక్కడుంటారో ఒకసారి చూసుకోండి.