అవ్వ చిలుక, తమ్ముడి చిలుక

మా అవ్వ తిరుత్తణికి కోడలుగా వచ్చినప్పుడు ఆ ఊరు ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది. 1960లో అది మద్రాసు రాష్ట్రానికి పోయింది. అవ్వ మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆమె తెలుగూ పోలేదు. ఆమె దగ్గర తెలుగు నేర్చినవాళ్ళలో ఒక రామచిలుక కూడా ఉండేది.

నేను చదివింది కన్నడ మీడియం. నాకు బడిలో గిళి, తిరుత్తణి వీధిలో కిళి, అవ్వ ఇంట్లో చిలుక. సెలవులకు పోయి గేటు తీస్తే చాలు, "ఎవురమ్మా అది, తింటివా?" అని వసారాలోంచి కేక వచ్చేది. పిలిచింది అవ్వో చిలుకో తెలిసేది కాదు. 2022లో అవ్వ పోయింది. కేక ఆగలేదు.

2024 ఏప్రిల్‌లో కడలూరులో ఒక ఎన్నికల అభ్యర్థికి చిలుక జోస్యం చెప్పినాయన్ని అటవీ శాఖవాళ్ళు పట్టుకున్నారు. హెచ్చరించి వదిలేసినారు, చిలుకలను తీసుకుపోయినారు. ఆ వార్త చూసి మామ నాకు ఫోన్ చేసినాడు. "ఇంట్లో పెంచుకునేదానికి కూడా కేసేనా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు వెతకడం ఉద్యోగం కాబట్టి చట్టాలు కూడా నేనే చదవాలని మా ఇంట్లోవాళ్ళ లెక్క. చదివినాను. కేసే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం నేరం. 2022 సవరణ తర్వాత మూడేళ్ళ దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. బిడ్డలాగా చూసుకున్నామంటే అక్కడ వినేవాళ్ళు లేరు.

తిరువళ్ళూరులో మా చిన్నమ్మ కొడుకు దగ్గర కూడా ఒక చిలుక ఉంది. సన్ కన్యూర్, పసుపూ నారింజా రంగుది. దాని సొంత ఊరు గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు. అక్కడ పట్టి పట్టి అమ్మి, అంతరించిపోయే స్థితికి తెచ్చినారు. ఇక్కడ మాత్రం దాన్ని పెంచుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, పిల్లలు పెట్టినా, చచ్చినా, వేరేవాళ్ళకు ఇచ్చినా చెప్పాలి. అంతే.

"అక్కా, మన వేపచెట్టు మీది చిలుక నేరం, బ్రెజిల్ చిలుక దర్జా! ఇదేం న్యాయం?" అన్నాడు వాడు.

మొదట నాకూ అది బగ్గే అనిపించింది. తర్వాత మామను అడిగినాను, అవ్వ చిలుక ఎక్కడ దొరికిందని. సంతలోనంట. ఈకలు సరిగ్గా రాని పిల్లలు ఒక బుట్టలో ఇరవై దాకా ఉండినాయంట. అవన్నీ ఏ చెట్టు తొర్రల్లోంచో తీసినవే కదా! ఒక ఇంటికి సరే అంటే ఆ బుట్టకు సరే అన్నట్టే. ఇది పంజరంలో పుట్టిందా, తొర్రలోంచి తెచ్చిందా అని పక్షిని చూసి ఎవరు చెప్పగలరు?

అదే ప్రశ్న తమ్ముణ్ణి అడిగినాను. అంగడివాడు బిల్లు కూడా ఇవ్వలేదన్నాడు. పైగా అది గుంపులో బతికే పక్షి, ఇరవై ఏళ్ళకు పైన బతుకుతుంది. వీడు పొద్దున ఏడింటికి రైలెక్కితే మళ్ళీ రాత్రికే ఇల్లు. నమోదు ఫారం ఇంకా నింపలేదు.

మామ మన చిలుకను గాలికి వదిలేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అన్నేళ్ళు పంజరంలో ఉన్నదానికి రెక్కల్లో బలం ఉండదు, మేత వెతుక్కోవడం రాదు, పిల్లిని చూసి భయపడడం కూడా రాదు. చివరికి అటవీ శాఖవాళ్ళకే అప్పగిద్దామనుకున్నాము.

ముందురోజు రాత్రి దాని గొంతు రికార్డు చేద్దామని ఫోన్ పట్టుకుని గంటసేపు పంజరం ముందర కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు. మర్నాడు ఆఫీసులో మామ ఏదో కాగితం మీద సంతకం పెట్టినాడు, పొట్లంలో తెచ్చిన పచ్చిమిరపకాయలు కూడా ఇచ్చినాడు. పంజరం అందుకోవడానికి ఒక కుర్ర గార్డు వచ్చినాడు. చిలుక అతన్ని తల వంచి చూసి అడిగింది, "ఎవురమ్మా అది, తింటివా?"